ప్రభుత్వ ఖర్చులో కోత పడితే ప్రాంతం మీద దెబ్బ ఎంత? చేత్తో లెక్కగట్టే పద్ధతి

ప్రభుత్వం ఖర్చు తగ్గిస్తోందన్న వార్త రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. ఇక ఆ ప్రాంతం కుప్పకూలినట్టే అంటారు కొందరు. దుబారా తగ్గింది, మంచిదేగా అంటారు ఇంకొందరు. ఇద్దరి దగ్గరా లెక్క ఉండదు. ఉద్యోగ జీవితమంతా నేను గణాంక విభాగంలో ప్రాంతీయ ఆదాయ అంచనాలు కట్టే పనిలో గడిపాను. ఇప్పుడు ఆ పని నేర్చుకోవాలని వచ్చే విద్యార్థులకూ విలేకరులకూ స్థానిక సంస్థల సభ్యులకూ నాకు తెలిసింది చెబుతున్నాను. మొదటి రోజే వాళ్ళకు చెప్పే మాట ఒకటుంది. కోత ఎన్ని కోట్లన్నది సగం ప్రశ్నే. ఆ డబ్బు మొదట ఎవరి చేతికి వచ్చేది, అక్కణ్ణుంచి ఎటు పోయేది అన్నది మిగతా సగం. ఒకే మొత్తం కోత ఒక ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి కోలుకోనివ్వదు, ఇంకో ప్రాంతానికి తెలియను కూడా తెలియదు. తేడా అంతా ఆ రెండో సగంలోనే ఉంటుంది.

ఈ పనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. బడ్జెట్ పత్రాలు, క్యాలిక్యులేటర్, గళ్ళు గీసుకున్న కాగితం, నలుగురి దగ్గరికీ వెళ్ళి అడిగే ఓపిక ఉంటే చాలు.

ముందు, నిజంగా ఎంత కోత పడింది?

ప్రకటనలోని అంకెను పట్టుకుని లెక్క మొదలుపెట్టకండి. బడ్జెట్ పత్రాల్లో ఒకే పద్దుకు మూడు అంకెలుంటాయి: ఏడాది మొదట్లో వేసిన బడ్జెట్ అంచనా, నడిమధ్యలో సవరించిన అంచనా, ఏడాది ముగిశాక లెక్కల్లో తేలిన వాస్తవ ఖర్చు. కొత్త ఏడాది అంచనాను పాత అంచనాతో పోల్చి తగ్గిందని ఒకరంటారు, వాస్తవ ఖర్చుతో పోల్చి పెరిగిందని మరొకరంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మీరు మాత్రం కనీసం ఐదేళ్ళ వాస్తవ ఖర్చుల వరసను రాసుకోండి. మధ్యలో పద్దు పేరు మారిందా, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు వెళ్ళిందా చూడండి. పేరు మారిన పద్దు మాయమైనట్టు కనిపిస్తుంది, కానీ డబ్బు వేరే చోట కొనసాగుతూ ఉండొచ్చు.

తర్వాత ధరల సంగతి. అంకె తగ్గకపోయినా కోత పడవచ్చు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే, మూడేళ్ళపాటు ఒకే మొత్తం ఇచ్చిన పద్దు విలువ దాదాపు 16 శాతం పడిపోయినట్టు లెక్క. ఆ మధ్యలో జనాభా పెరిగితే తలసరి కోత ఇంకా ఎక్కువ. చాలామంది పట్టించుకోని కోత ఇదే, ఎందుకంటే దీనికి ప్రకటన ఉండదు.

ప్రకటన లేని కోతలు ఇంకా ఉన్నాయి. పదవీ విరమణ చేసిన వాళ్ళ స్థానాలు ఖాళీగా ఉంచడం ఒకటి. పని పూర్తయినా కాంట్రాక్టర్ల బిల్లులు నెలల తరబడి ఆపడం ఇంకోటి. మూడోది పైనుంచి కిందికి నెట్టడం. కెనడాలో 1995 బడ్జెట్‌లో కేంద్రం పెద్ద కోతలకు దిగింది. 1996-97 నుంచి ఆరోగ్యం, ఉన్నత విద్య, సామాజిక సాయాలకు రాష్ట్రాలకు ఇచ్చే గ్రాంట్లన్నిటినీ ఒకే పద్దులో కలిపి, నగదు మొత్తాన్ని తగ్గించింది. ఆ తర్వాత ఆ రాష్ట్రాల్లో ఒకటైన ఒంటారియో ప్రభుత్వం సామాజిక గృహాలు, ప్రజా రవాణా వంటి బాధ్యతలను మున్సిపాలిటీల మీదికి తోసింది. కోత ఒక చోట రాసి ఉంటుంది, భారం మోసేది ఇంకో చోట. అందుకే ఒక్క ప్రభుత్వ పత్రాలే చూసి ఆగకండి. పైనున్న ప్రభుత్వం, కిందనున్న స్థానిక సంస్థ, రెంటి లెక్కలూ పక్కపక్కన పెట్టుకోండి.

ప్రకటించిన కోత పూర్తిగా అమలు కాకపోవడమూ ఉంది. అమెరికాలో 2013 మార్చిలో చాలా పద్దుల మీద ఒకేసారి కోత అమల్లోకి వచ్చినప్పుడు, రక్షణ శాఖలోని పౌర ఉద్యోగులకు 11 రోజులు జీతం లేని సెలవు అని చెప్పారు. చివరికి అది 6 రోజులైంది. 11 రోజుల జీతం పోతుందని లెక్కగట్టిన ప్రాంతీయ అంచనాలన్నీ దాదాపు సగానికి తగ్గించుకోవలసి వచ్చి ఉంటుంది. కాబట్టి మీ కాగితం మీద ప్రకటించిన కోత, అమలైన కోత అని రెండు గళ్ళు వేరువేరుగా గీసుకోండి. అమలు తెలిసేకొద్దీ రెండోది నింపండి.

డబ్బు మొదట ఆగే చేతులు

ఇప్పుడు కోత మొత్తాన్ని నాలుగు భాగాలుగా విడదీయండి: జీతాలు, పింఛన్లూ సాయాలూ, సరుకులూ సేవల కొనుగోళ్ళు, నిర్మాణాలు. ప్రతి భాగానికీ ఒకే ప్రశ్న వేయండి. ఈ డబ్బు అందుకునేవాళ్ళు ఈ ప్రాంతంలోనే ఉంటారా, ఇక్కడే ఖర్చు పెడతారా?

జీతాల విషయంలో సమాధానం సులువనిపిస్తుంది గానీ కాదు. కార్యాలయం ఇక్కడున్నా ఉద్యోగి కుటుంబం పక్క నగరంలో ఉంటే ఆ జీతం ప్రతి నెలా బస్సెక్కి వెళ్ళిపోతున్నట్టే. ఏ శాఖలోనైనా జీతాల బిల్లు చేసే గుమాస్తాను అడిగితే ఎంతమంది రోజూ బయటి నుంచి వచ్చి వెళతారో చెప్పగలరు. కింది స్థాయి ఉద్యోగులు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఎక్కువగా అక్కడే ఉంటారు. కోత పడినప్పుడు మొదట ఇంటికి వెళ్ళేదీ వాళ్ళే. అందుకే జీతాల్లో ఎంత తగ్గిందని మాత్రమే చూడకుండా, ఎవరి జీతం తగ్గిందో చూడాలి.

పింఛన్లు, సాయాలు అందుకునేవాళ్ళు దాదాపు అందరూ ప్రాంతంలోనే ఉంటారు, వచ్చిందంతా ఖర్చు పెడతారు. దాచుకునే వెసులుబాటు వాళ్ళకు ఉండదు. కాబట్టి ఈ పద్దులో కోత పెట్టిన ప్రతి రూపాయీ దగ్గర్లోని దుకాణానికి వెంటనే తెలుస్తుంది. బ్రిటన్‌లో 2010 తర్వాత సంక్షేమ సాయాల్లో తెచ్చిన మార్పులను షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రాంతాల వారీగా లెక్కగట్టారు. దేశం మొత్తం మీద పనిచేసే వయసున్న ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 470 పౌండ్లు తగ్గుతుంటే, బ్లాక్‌పూల్ అనే సముద్రతీర పట్టణంలో 900 పౌండ్లకు పైగా తగ్గుతుందని తేలింది. నిబంధన దేశమంతటికీ ఒక్కటే. అయినా పేద ప్రాంతానికి రెట్టింపు తగిలింది, ఎందుకంటే ఆ సాయాల మీద బతికేవాళ్ళు అక్కడ ఎక్కువ. సగటు అంకె చూసి మీ ప్రాంతానికి అంతే అనుకోకూడదని చెప్పడానికి నేను ప్రతి తరగతిలోనూ ఈ లెక్కే చూపిస్తాను.

కొనుగోళ్ళ పద్దు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆసుపత్రి మందులు, కంప్యూటర్లు, వాహనాలు, యంత్రాలు చాలావరకు బయటి నుంచే వస్తాయి. వాటిలో కోత పెడితే స్థానిక ఆదాయం లెక్కలో పెద్దగా కదలదు. అంతమాత్రాన నష్టం లేదనుకోవద్దు. ఆసుపత్రిలో మందు దొరకని రోగి బయట సొంత డబ్బుతో కొంటాడు. ఆ డబ్బు అతని ఇంట్లో వేరే ఏదో ఖర్చు నుంచి తీసిందే. ప్రభుత్వ పద్దులో మాయమైన ఖర్చు ఇంటి పద్దులోకి వచ్చి చేరింది. ఇలాంటివి మీకు కనిపిస్తే కొనుగోళ్ళ గడిలోంచి తీసి సాయాల గడిలో కోతగా రాసుకోండి.

నిర్మాణాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పెద్ద మొత్తాలు కనిపిస్తాయి. కానీ సిమెంటు, ఉక్కు, తారు, యంత్రాలు, ఒక్కోసారి కూలీలు కూడా బయటివాళ్ళే. ప్రాంతంలో మిగిలేది కంకర, ఇసుక, రవాణా, స్థానిక కూలి, కొంత సబ్-కాంట్రాక్టు. ఎంత మిగులుతుందో ఊహించకండి. పాత పని ఏదైనా ఒకటి తీసుకుని దాని బిల్లులు చూడండి.

లెక్క

ఇక్కడికి వచ్చాక గుణకం అవసరమవుతుంది, అంటే మొదట ఒక రూపాయి పోతే చివరికి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయో చెప్పే అంకె. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం, ఆ ఆదాయంలో కొంత మళ్ళీ ఖర్చు. ఈ వరసను 1931లో బ్రిటిష్ ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ సూత్రంగా పెట్టారు, తర్వాత మరో ఆర్థికవేత్త కీన్స్ దాన్ని తన సిద్ధాంతానికి వెన్నెముకగా చేసుకున్నారు. ఖర్చు పెరిగినప్పుడు ఆ వరస ఎలా పనిచేస్తుందో, తగ్గినప్పుడూ అలాగే వెనక్కి పనిచేస్తుంది. ప్రాంతానికి లెక్కవేసేటప్పుడు ప్రతి చుట్టులోనూ ఎంత బయటికి కారిపోతుందో చూడటమే ముఖ్యం. పన్ను, పొదుపు, బయటి సరుకు, ఈ మూడూ చిల్లులు. ప్రాంతం చిన్నదయ్యేకొద్దీ బయటి సరుకు చిల్లు పెద్దదవుతుంది.

ఒక ఊహా ప్రాంతంతో చేసి చూపిస్తాను. కోత మొత్తం 100 అనుకోండి. ఇందులో జీతాలు 60, కొనుగోళ్ళు 25, నిర్మాణాలు 15. సాయాల పద్దులో కోత లేదు.

జీతాల 60లో పన్నులు, మినహాయింపులు పోను చేతికందేది 80 శాతం అనుకుంటే 48. కొనుగోళ్ళ 25లో స్థానిక వ్యాపారులకు వచ్చేది 8, అందులో సరుకు ఖర్చు పోను స్థానికంగా ఆదాయంగా మిగిలేది 3.6. నిర్మాణాల 15లో స్థానిక కూలి, రవాణా, కంకర వాళ్ళ ఆదాయం కలిపి 6. మొదటి దెబ్బ మొత్తం 57.6. చూశారా, 100 కోతలో 42 దాకా ఈ ప్రాంతానికి ఎప్పుడూ రానే లేదు.

ఇక చుట్లు. చేతికందిన ఆదాయంలో 70 శాతం ప్రాంతంలోనే ఖర్చవుతుంది అనుకుందాం. ఆ ఖర్చులో 45 శాతం స్థానికుల ఆదాయంగా మిగులుతుంది, మిగతాది సరుకు వచ్చిన చోటికి పోతుంది. 0.70ని 0.45తో గుణిస్తే 0.315. అంటే ఒక రూపాయి ఆదాయం పోతే తర్వాతి చుట్టులో దాదాపు 32 పైసల ఆదాయం పోతుంది. గుణకం, ఒకటిని 0.685తో భాగిస్తే వచ్చేది, 1.46. మొదటి దెబ్బ 57.6ను 1.46తో గుణిస్తే 84. ఈ ప్రాంతం కోల్పోయే మొత్తం ఆదాయం ఇది.

ఇప్పుడు అదే 100 కోతను తిరగేసి చూడండి. జీతాలు 15, కొనుగోళ్ళు అవే 25, నిర్మాణాలు 60. మొదటి దెబ్బ 12, 3.6, 24 కలిపి 39.6. గుణకం అదే కాబట్టి మొత్తం నష్టం 58. కోత మొత్తం మారలేదు, ప్రాంతం మారలేదు. పద్దుల పొందిక మారినందుకే 84 కాస్తా 58 అయింది. నాలుగు గళ్ళ కాగితం మీద నేనింత పట్టుబట్టేది ఇందుకే.

ఈ 70, 45 శాతాలు ఎక్కణ్ణుంచి తేవాలని అడుగుతారు. కుటుంబ వ్యయ సర్వేలు ఉంటే వాటి నుంచి. లేకపోతే మూడు చుట్ల పద్ధతి ఉంది. లండన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ ఎల్ఎం3 పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. ప్రభుత్వ సంస్థ ఖర్చు మొదటి చుట్టు. ఆ డబ్బు అందుకున్న ఉద్యోగులు, సరఫరాదారులు స్థానికంగా ఎంత ఖర్చు పెట్టారో వాళ్ళనే అడిగి రాసుకోవడం రెండోది. వాళ్ళ దగ్గర అందుకున్నవాళ్ళు ఎంత పెట్టారో అడగడం మూడోది. అక్కడితో ఆపేస్తారు, ఎందుకంటే ఆ తర్వాతి చుట్లలో మిగిలేది చాలా తక్కువ. నాకు ఈ పద్ధతి ఇష్టం. లెక్క వేసేవాళ్ళను కుర్చీలోంచి లేపి మనుషుల దగ్గరికి పంపుతుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మొత్తం అమ్మకాల మీద లెక్కించిన గుణకాన్ని ఆదాయం మీద వేస్తారు. దుకాణంలో 100కి సరుకు అమ్ముడుపోతే దుకాణదారు ఆదాయం 100 కాదు. అమ్మకాల నష్టం, ఆదాయ నష్టం, ఉద్యోగాల నష్టం మూడింటినీ ఒక దాని మీద ఒకటి కలిపి పెద్ద అంకె చేసిన నివేదికలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. అవి చదివితే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఆ అంకె తప్పని తేలిన రోజున నిజమైన నష్టం గురించి చెప్పినా ఎవరూ నమ్మరు. ఆదాయం లెక్క ఒకటి, ఉద్యోగాల లెక్క ఒకటి. రెంటినీ వేరుగా చెప్పండి, కలపకండి.

పరిశోధకుల అంకెలతో పోల్చుకోవడం

మీ లెక్క వచ్చాక బయటి అధ్యయనాలతో సరిచూసుకోండి, కానీ ఏ అంకె దేని గురించో తెలుసుకుని. ఆర్థికవేత్తలు ఎమీ నకమురా, యోన్ స్టైన్సన్ 2014లో అమెరికా రాష్ట్రాల్లో సైనిక కొనుగోళ్ళ హెచ్చుతగ్గులను పరిశీలించి, ఒక రాష్ట్రంలో ఖర్చు మిగతా రాష్ట్రాల కంటే ఒక డాలర్ మారితే ఉత్పత్తి దాదాపు డాలరున్నర మారుతుందని చెప్పారు. అదే ఏడాది వచ్చిన ఇటలీ అధ్యయనం ఇంకా ఆసక్తికరం. మాఫియా చొరబడిందని నగర పాలక మండళ్ళను రద్దు చేసినప్పుడు, వచ్చిన అధికారులు పెట్టుబడి ఖర్చును ఒక్కసారిగా ఆపేశారు. ఆ కోత ఆర్థిక పరిస్థితి చూసి పెట్టింది కాదు, కాబట్టి కోత ప్రభావాన్ని విడిగా చూడటానికి వీలు చిక్కింది. అక్కడా గుణకం 1.5 ప్రాంతంలోనే వచ్చింది.

వీటిని చూసి మీ ప్రాంతానికి 1.5 వేసేయకండి. ఇవి ఒక ప్రాంతాన్ని ఇంకో ప్రాంతంతో పోల్చిన అంకెలు, పైగా అవి అమెరికా రాష్ట్రాలకు, మన జిల్లాల్లాంటి ఇటలీ ప్రావిన్సులకు కట్టినవి. ఒక చిన్న పట్టణంలో చిల్లులు అంతకంటే పెద్దవి. దేశం మొత్తానికి కట్టిన గుణకాలైతే ఇంకా ప్రమాదం. భారతదేశానికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఫైనాన్స్ అండ్ పాలసీ పరిశోధకులు 2013లో కట్టిన అంచనాలో మూలధన వ్యయం (రోడ్లు, భవనాల వంటి నిర్మాణాలు) గుణకం 2.45, బదిలీ చెల్లింపులది (పింఛన్లు, సాయాల వంటివి) 0.98, ఇతర రెవెన్యూ వ్యయానిది (జీతాల వంటి రోజువారీ ఖర్చు) 0.99. నా ఊహా ప్రాంతంలో నిర్మాణాల కోత దెబ్బ తక్కువని తేలింది, ఇక్కడేమో నిర్మాణాలే అన్నిటికంటే ఎక్కువ. రెండూ సరైనవే. దేశం లెక్కలో ఉక్కు ఏ మూల తయారైనా దేశంలోనిదే. ప్రాంతం లెక్కలో పొలిమేర దాటితే బయటిదే. రోడ్డు వల్ల ఏళ్ళ తరబడి పెరిగే ఉత్పత్తి కూడా దేశం లెక్కలోకి వస్తుంది, నేను పైన చేసిన స్వల్పకాల లెక్కలోకి రాదు.

దెబ్బ అనుకున్నంత తగలని సందర్భాలూ చెప్పాలి. అమెరికాలో 1988 నుంచి 2005 వరకు ఐదు విడతల్లో సైనిక స్థావరాలు మూసేందుకు జాబితాలు తయారయ్యాయి. ప్రతిసారీ ఆ కౌంటీలు (అక్కడి జిల్లాలు) నాశనమవుతాయన్నారు. అప్పటికి మూతపడిన చోట్లను పరిశీలించిన ఆర్థికవేత్తలు హుకర్, నెట్టర్ 2001లో ఇచ్చిన ఫలితం వేరుగా ఉంది. ఉద్యోగాల నష్టం చాలావరకు స్థావరంలో నేరుగా పోయిన వాటితోనే ఆగింది, తలసరి ఆదాయం పెద్దగా కదల్లేదు. నా ఉద్దేశంలో కారణం చిల్లుల్లోనే ఉంది. సైనికుల ఇళ్ళు, దుకాణాలు, ఆసుపత్రి కంచె లోపలే ఉండేవి. బయటి ఊరికి చేరే డబ్బు మొదటి నుంచీ తక్కువ. మూసేశాక భూమి, భవనాలు వేరే పనికి దొరికాయి. కాలిఫోర్నియాలో ఫోర్ట్ ఆర్డ్ 1994లో మూతపడితే 1995లో ఆ నేల మీదే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం మొదలైంది.

ఇంగ్లండ్ గురించి పరిశోధకులు ఫాజియో, ఓవర్‌మన్ చేసిన పని కూడా చదవండి. 2003 నుంచి 2007 వరకు ప్రభుత్వ ఉద్యోగం ఒకటి పెరిగిన చోట స్థానిక సేవలు, నిర్మాణాల్లో సగం ఉద్యోగం పెరిగింది, బయటికి సరుకు అమ్మే పరిశ్రమల్లో 0.4 ఉద్యోగం తగ్గింది. ప్రభుత్వం మంచి జీతాలతో మనుషుల్ని లాగేసుకుంటే పరిశ్రమకు దొరకరన్నమాట. అలాగని కోత పెట్టగానే ఆ పరిశ్రమలు తిరిగొస్తాయని చెప్పడానికి లేదు. ఆ ఐదేళ్ళూ మంచి కాలం.

ఎప్పుడు, ఏ స్థితిలో

కాలం మంచిదా చెడ్డదా అన్నది లెక్కను తలకిందులు చేయగలదు. అప్పట్లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)లో ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న ఒలివియర్ బ్లాంచర్డ్, డేనియల్ లీతో కలిసి 2013లో తమ సంస్థ అంచనాలనే తిరిగి తూచారు. 2010లో యూరప్ దేశాల వృద్ధి మీద వేసిన అంచనాలు ఎంత తప్పాయి, ఎందుకు తప్పాయి అని. జీడీపీలో ఒక శాతం మేర ఎక్కువ కోత పెట్టదలచిన దేశంలో వృద్ధి అంచనా కంటే సుమారు ఒక శాతం తక్కువగా వచ్చింది. మాంద్యంలో కోత దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో ముందుగా తక్కువ వేశారన్నమాట. గ్రీస్ 2008 నుంచి 2013 లోపు తన ఆర్థిక వ్యవస్థలో దాదాపు నాలుగో వంతు కోల్పోయింది. 1990ల మధ్యలో కెనడా మాత్రం పెద్ద కోతల తర్వాత కూడా పెరిగింది, 1997-98కల్లా లోటు తీర్చుకుంది. అప్పుడు వడ్డీ రేట్లు దిగుతున్నాయి, కెనడా డాలర్ బలహీనంగా ఉంది, పక్కనున్న అమెరికా ఊపుమీద ఉండి సరుకు కొంటోంది.

ప్రాంతానికి ఈ మూడింటిలో మొదటి రెండూ చేతిలో ఉండవు. సొంత కరెన్సీ లేదు, సొంత వడ్డీ రేటు లేదు. కాబట్టి మీరు అడగవలసినవి ఇవి. ఉద్యోగం పోయినవాళ్ళను తీసుకోగలిగే ప్రైవేటు సంస్థలు చుట్టుపక్కల నియామకాలు చేస్తున్నాయా? ప్రాంతం మొత్తం జీతాల ఆదాయంలో ప్రభుత్వ వాటా ఎంత? పదో వంతా, సగమా? సగం దగ్గరుంటే నా ఊహా ప్రాంతపు 1.46ను అడుగు గీతగా పెట్టుకుని పైకి లెక్క వేస్తాను. అంత దెబ్బ తగిలినప్పుడు దుకాణాలు అమ్మకాలు తగ్గించుకోవడంతో ఆగవు, మూతపడతాయి. మూతపడినది కోత ఎత్తేసినా తిరిగి తెరుచుకోదు.

కోత వల్ల మిగిలిన డబ్బు ఎటు పోయిందన్నదీ రాయాలి. పన్ను తగ్గించడానికి వాడితే ఆ లాభం ఎక్కడివాళ్ళకు చేరింది? పన్ను ఎక్కువ కట్టేవాళ్ళు ఉన్న ప్రాంతానికి. వేరే ప్రాంతంలో ఖర్చు పెడితే ఆ ప్రాంతానికి. అప్పు తీర్చితే రేపటి వడ్డీ భారం తగ్గుతుంది, అది కూడా నిజమైన లాభమే. కొన్ని కోతలు పెట్టవలసినవే. ఎవరూ రాని కార్యాలయానికి అద్దె కట్టడం ఆపితే నేను బాధపడను. అయితే ప్రభుత్వానికి 100 కోతలో 100 మిగలదు. జీతాల మీద వచ్చే పన్ను, అమ్మకాల పన్ను తగ్గుతాయి, నిరుద్యోగులకిచ్చే సాయం పెరుగుతుంది. నికర పొదుపు గడి కూడా కాగితంలో ఉండాలి.

బయటికి వెళ్ళి సరిచూడటం

కాగితం మీది లెక్కకు నెలల్లో అందే ఆనవాళ్ళు ఉంటాయి. వాణిజ్య విద్యుత్ కనెక్షన్ల వాడకం, అమ్మకాల పన్ను వసూళ్ళు, ద్విచక్ర వాహనాల రిజిస్ట్రేషన్లు, రుణ వాయిదాలు ఎగవేసిన ఖాతాలు. కోతకు ముందు రెండేళ్ళ నెలవారీ అంకెలు కూడా తీసుకోండి, లేకపోతే పండుగ నెల తర్వాత వచ్చే మామూలు తగ్గుదలను కోత ప్రభావం అనుకునే ప్రమాదముంది.

మనుషుల్ని అడిగేటప్పుడు “వ్యాపారం ఎలా ఉంది?” అని అడగకండి. అందరూ బాగా లేదనే అంటారు. హోల్‌సేల్ వ్యాపారిని ఏ చిల్లర దుకాణాలు సరుకు తీసుకోవడం మానేశాయో అడగండి. ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళను ఎన్ని ఖాళీ అయ్యాయి, ఖాళీ చేసినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు అని అడగండి. బస్సు డిపోలో ఏ సర్వీసు తీసేశారో అడగండి. ప్రైవేటు బడిలో ఫీజు బకాయిల పుస్తకం చూపించమనండి. పేర్లు రాసుకోకుండా అంకెలు మాత్రం రాసుకుంటానని ముందే చెబితే చాలామంది చూపిస్తారు. ఈ సమాధానాలు ఒక వరసలో వస్తాయని నా అనుభవం. ముందు వాయిదాల కొనుగోళ్ళు ఆగుతాయి, తర్వాత అద్దె ఇళ్ళు ఖాళీ అవుతాయి, ఆ తర్వాత పిల్లలు బడి మారతారు. మూడో దశకు వచ్చిందంటే కుటుంబాలు ప్రాంతం వదులుతున్నాయి. వెళ్ళేది ఎక్కువగా చదువుకున్న యువకులు, యువతులు. ఆ నష్టం గుణకంలో ఉండదు. విడిగా ఒక పేరా రాయండి, అంకె పెట్టలేకపోయినా రాయండి.

అలాగే రాయవలసింది మరమ్మతుల సంగతి. కాలువ పూడిక తీయకపోయినా, పైకప్పు కారుతున్నా మొదటి ఏడాది ఎవరి ఆదాయమూ పెద్దగా తగ్గదు. నాలుగో ఏడాది బాగుచేసే ఖర్చు కొత్తగా కట్టే ఖర్చు దగ్గరికి వస్తుంది. మరమ్మతు పద్దు కోతను నేనెప్పుడూ పొదుపు గడిలో రాయనివ్వను, వాయిదా వేసిన అప్పు అని రాయిస్తాను.

చివరగా నివేదిక. ఒకే అంకె ఇవ్వకండి, హద్దులు ఇవ్వండి. నా ఊహా ప్రాంతంలో స్థానిక ఖర్చు వాటా 70 బదులు 60 అయితే గుణకం 1.37, నష్టం 79. వాటా 80 అయితే గుణకం 1.56, నష్టం 90. అప్పుడు ఇలా రాస్తాను: “100 కోత వల్ల ప్రాంత ఆదాయం ఏడాదిన్నరలో 79 నుంచి 90 వరకు తగ్గే అవకాశం ఉంది. ఇందులో 57.6 నేరుగా పోయేది, మిగతాది చుట్ల వల్ల. వలసలు, మరమ్మతులు, ఇంటి ఖర్చు మీద పడిన వైద్యం ఇందులో లేవు.” ఏ శాతం ఎక్కడ తీసుకున్నారో కింద రాయండి, ఇంకొకరు అంకె మార్చి మళ్ళీ వేసుకునేలా.

ఆ కాగితాన్ని పారేయకండి. ఏడాది తర్వాత వాస్తవ ఖర్చులు వెలువడ్డప్పుడు మళ్ళీ తీయండి. కోత పడని, మిగతా అన్ని విధాలా మీ ప్రాంతాన్ని పోలిన పక్క ప్రాంతం ఒకటి ముందే ఎంచుకుని ఉంచుకుంటే, రెంటి మధ్య తేడాలో ఎంత కోత వల్ల వచ్చింది, ఎంత కరువు వల్లో మార్కెట్ ధరల వల్లో వచ్చింది అన్నది చాలావరకు విడదీయవచ్చు. పక్క ప్రాంతాన్ని ఫలితాలు వచ్చాక ఎంచుకోకూడదు. అప్పుడు మనకు నచ్చిన జవాబు ఇచ్చే ప్రాంతమే చేతికి తగులుతుంది. అందుకే దాని పేరు, ఎంచుకున్న కారణం నివేదిక మొదటి పేజీలోనే తేదీ వేసి రాయమంటాను.